మౌతార్గాన్, మైకు, మా నాన్న

రెండేళ్ళ కిందటి మన ఫెస్టు గుర్తుందా? మూడో రోజు సాయంత్రం ఓపెన్ స్టేజి మీద ఒకడు మౌతార్గాన్ వాయించడం మొదలెట్టగానే స్పీకర్లు కుయ్యిమని అరిచాయి. ముందు వరసలో వాళ్ళు చెవులు మూసుకున్నారు. సౌండు ఆపరేటరు పరిగెత్తుకొచ్చి వైరు పీకేశాడు. మొత్తం వ్యవహారం 40 సెకన్లు. ఆ వీడియో మాత్రం హాస్టల్ గ్రూపుల్లో నెల రోజులు తిరిగింది. సరే, దాచేదేముంది, ఆ ఒకడు నేనే. ఇప్పటికీ కొందరు సీనియర్లు ఫోన్ చేస్తే "ఏరా కుయ్యీ" అనే పిలుస్తారు.

ఈ సంచికకి ఏదైనా రాయమని క్లబ్బు వాళ్ళు అడిగితే, కథ రాద్దామని కూర్చున్నాను. రాలేదు. తెలిసిన విషయమే రాద్దాంలే అని ఇది మొదలెట్టాను. మామూలు ట్రాన్సిస్టర్ ఆంప్‌లోంచి, చవక పెడల్స్‌తో, మౌతార్గాన్‌కి మంచి నాదం ఎలా రప్పించాలో ఇందులో ఉంది. ఆరున్నర వేల రూపాయల లెక్క కూడా ఉంది. ఆ రెండూ విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు.

మా ఊరు మండపేట దగ్గర. నాన్నకి మైక్ సెట్టు షాపు. పెళ్ళిళ్ళు, తీర్థాలు, చవితి పందిళ్ళు, ఎవరైనా పోతే దినకార్యాలు, అన్నిటికీ నాన్న ఆంప్లిఫయర్లూ బాక్సులే. నేను ఏడో క్లాసులో ఉండగా తీర్థంలో 24 రంధ్రాల మౌతార్గాన్ కొనిచ్చాడు. మీలో చాలామంది చూసే ఉంటారు, పైనా కిందా రెండు వరసలు ఉంటాయి. ఒకే స్వరానికి రెండు రీడ్లు, కొంచెం తేడాగా శ్రుతి చేసి ఉండడం వల్ల శబ్దం అలలు అలలుగా వణుకుతుంది. 'షోలే'లో అమితాబ్ పాత్ర వాయించే ఆ ముక్క నేర్చుకుని ఊళ్ళో హీరోనైపోయాను. ఇంజనీరింగుకి హైదరాబాదు వచ్చాక మాత్రం నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "బిజినెస్" అనేవాణ్ణి. అక్కడితో ఆపేసేవాణ్ణి.

ఫస్టియర్‌లో ఒక రాత్రి మా రూమ్మేటు ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టి "ఇదేం వాద్యమో చెప్పు" అన్నాడు. శాక్సోఫోన్ అన్నాను. కాదు, మౌతార్గాన్ అన్నాడు. నేను నమ్మలేదు. అది లిటిల్ వాల్టర్ 'జ్యూక్'. 1952లో చికాగోలో రికార్డు చేశారు. అమెరికా ఆర్ అండ్ బీ చార్టులో 8 వారాలు మొదటి స్థానంలో ఉంది. అతను వాయించింది 10 రంధ్రాలు, 20 రీడ్లు ఉన్న చిన్న వాద్యం, జేబులో పట్టేస్తుంది. అంత చిన్నదాంట్లోంచి అంత లావు శబ్దం ఎలా వచ్చిందన్నదే నాకు పట్టిన పిచ్చి.

కథేమిటంటే, దక్షిణాది పల్లెల నుంచి చికాగోకి వలస వచ్చిన సంగీతకారులు ఆదివారాలు మాక్స్‌వెల్ స్ట్రీట్ సంతలో వాయించేవాళ్ళు. పక్క ఇళ్ళలోంచి, కొట్లలోంచి వైరు లాక్కుని కరెంటు పెట్టుకునేవాళ్ళు. మన తీర్థాల్లో లాగే అన్నమాట. ఎలక్ట్రిక్ గిటార్లు, డ్రమ్ముల మధ్య మౌతార్గాన్ వినపడాలంటే మైకు తప్పదు. వాళ్ళకి దొరికినవి మాటల కోసం చేసిన చవక మైకులు. టాక్సీ ఆఫీసుల్లో, రేడియో వాళ్ళ దగ్గర వాడేవి. తూటా ఆకారంలో ఉంటాయి కాబట్టి బుల్లెట్ మైకులంటారు. ఆ మైకునీ మౌతార్గాన్‌నీ కలిపి రెండు చేతుల మధ్య మూసేసి, చిన్న వాల్వు ఆంప్‌లోకి గట్టిగా తోసేవాళ్ళు. వాల్వు మీద భారం పెరిగితే అలల తలలు ఒక్కసారిగా తెగిపోవు, మెల్లగా గుండ్రబడతాయి. ఆ గుండ్రబడిన అలే మనం వినే ఆ లావు శబ్దం.

మా మ్యూజిక్ క్లబ్బులో ఉన్నదేమో 20 వాట్ల ట్రాన్సిస్టర్ గిటార్ ఆంప్, పాటలు పాడే మామూలు మైకు ఒకటి. నేను 10 రంధ్రాలది కొనుక్కుని, మైకు స్టాండుకి ఎదురుగా నిలబడి ఊదితే, స్టీలు గిన్నె మీద గరిటెతో గీకినట్టుండేది. ట్రాన్సిస్టర్ ఆంప్ సంగతి మీకు తెలుసు. సప్లయ్ వోల్టేజి దాకా శుభ్రంగా వెళ్తుంది, ఆ తర్వాత కత్తితో కోసినట్టు అలని తెగ్గొడుతుంది. ఆ కోతలోంచి చెవిని పొడిచే పై హార్మోనిక్సు పుట్టుకొస్తాయి. తప్పంతా ఆంప్‌దే అని తేల్చేశాను. వాల్వు ఆంప్ కొనే స్థోమత లేదు. పెడల్ ఒకటి కొంటే వాల్వు శబ్దం అదే వచ్చేస్తుందనుకున్నాను.

ఒక సీనియర్ సెకండ్ హ్యాండ్ మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ అమ్ముతున్నాడు. 6,500. సరిగ్గా అదే వారం మెస్ బిల్లు కట్టమని ఇంటి నుంచి 6,500 వచ్చింది. ఆ తర్వాత ఏం జరిగిందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఫెస్టులో వాయిస్తే పేరొస్తుంది, బయట ప్రోగ్రాములొస్తాయి, రెండు నెలల్లో కట్టేయొచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను.

ఫెస్టులో ఏం జరిగిందో మొదటే చెప్పాను. ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి చాలా నెలలు పట్టింది. విచిత్రం ఏమిటంటే నా పరువు తీసిన ఆ వీడియోయే అందుకు పనికొచ్చింది. జాగ్రత్తగా చూడండి, నేను ఊదుతున్నంతసేపూ శబ్దం ఘోరంగా ఉంది గానీ కూత లేదు. ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోట అరిచింది. నేను డిస్టార్షన్ గెయిన్ ఫుల్లు పెట్టాను. అది 40 డీబీ అనుకోండి, అంటే 100 రెట్లు. గట్టిగా ఊదినప్పుడు పెడల్ నిండిపోయి ఉంటుంది, ఇంకేమీ పెంచలేదు. ఊదడం ఆపగానే ఆ 100 రెట్లూ ఖాళీగా ఉంటాయి. స్పీకర్లోంచి వచ్చిన చిన్న గుసగుస మైకులో పడుతుంది, 100 రెట్లై మళ్ళీ స్పీకర్లోకి వెళ్తుంది, మళ్ళీ మైకులోకి. లూప్ గెయిన్ ఒకటి దాటి, ఫేజు కలిసొస్తే ఆసిలేషన్. బార్క్‌హాసెన్ షరతు అని మనకి ఉంది చూడండి, అదే. ల్యాబులో రెండు గంటలు కుస్తీ పట్టినా పని చెయ్యని ఆసిలేటర్‌ని నేను స్టేజి మీద ఒక్క క్షణంలో కట్టాను. మార్కులు మాత్రం పడలేదు.

ఆ పెడల్ తయారుచేసింది గిటార్ కోసం. గిటార్ పికప్ తీగ కదలికని పట్టుకుంటుంది, గాలిలో శబ్దం దానికి దాదాపు వినపడదు. మైకుకి వినపడేది గాలే. గిటారిస్టులకి అద్భుతంగా పనిచేసే సెట్టింగు మనకి కూతగా మారడానికి కారణం ఇంతే. ఇంత చిన్న విషయం నాకు అప్పుడు తెలీదు. పైగా ఆ సెమిస్టర్‌లో నాకు బ్యాక్‌లాగ్ ఉన్నది అనలాగ్ సర్క్యూట్స్‌లోనే.

పరీక్షల ముందు హాల్ టికెట్ కోసం నో డ్యూస్ సంతకం కావాలి కదా. మెస్ బాకీ ఎలా కట్టాలా అని వణుక్కుంటూ ఆఫీసుకి వెళ్తే క్లర్కు కంప్యూటర్ చూసి "నీకు బాకీ ఏం లేదు" అన్నాడు. కంప్యూటర్లో తప్పు పడి ఉంటుందనుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని బయటపడ్డాను. చూశారా తెలివి!

మే నెలలో ఇంటికి వెళ్ళాను. బాకీ సంగతి నాన్న ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రెండో రోజు అన్నం పెడుతూ అమ్మ మామూలుగానే అంది, "ఈసారి రాములవారి పందిరి మనం వెయ్యలేదురా. రెండు హారన్ యూనిట్లు కాలిపోయాయి. మార్చడానికి దాచిన డబ్బులు నీ మెస్సుకి కట్టేశారు మీ నాన్న. ఫోనుకి మెసేజీ వచ్చిందంట." ముద్ద గొంతులో ఆగిపోయింది. శ్రీరామనవమి పందిరికి మా తాత రోజుల నుంచీ మా మైకే. ఆ ఏడాది కమిటీ వాళ్ళని వేరే వాళ్ళని చూసుకోమని నాన్నే చెప్పాడట.

మర్నాడు పొద్దున్న షాపుకి పెడల్ పట్టుకెళ్ళాను. నాన్న వైర్లు చుడుతున్నాడు. బల్ల మీద పెట్టాను. చూసి, తిప్పి, మళ్ళీ కింద పెట్టాడు.

"ఎంత?"

"ఆరున్నర."

"మెస్సు లెక్కా అంతే కదరా."

"అదే నాన్నా. అదే డబ్బు."

వైరు చుట్టడం పూర్తిచేసి మేకుకి తగిలించాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది. "ఏదీ, ఊదు చూద్దాం. ఆరున్నర వేలు పోసి ఏం తెచ్చావో విందాం" అన్నాడు.

షాపు వెనక ఖాళీ స్థలంలో ఒక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు, ఒక బాక్సు పెట్టాం. నేను పెడల్ కలిపి ఊదాను. కుయ్యిమంది. నాన్న వెంటనే పెడల్ తీసి పక్కన పెట్టేశాడు. "ముందు ఏమీ లేకుండా విందాం. ఉత్త మైకులో బాగోంది దేంట్లో పెట్టినా బాగోదు." తర్వాత బాక్సుని పక్కకి తిప్పాడు. "స్పీకరు మైకు మొహం చూడకూడదు. చూస్తే రెండూ కబుర్లాడుకుంటాయి." ట్రెబుల్ సగానికి పైగా తగ్గించాడు. గరిటె గీకుడు చాలావరకు పోయింది, కానీ శబ్దం ఇంకా పీలగానే ఉంది.

లిటిల్ వాల్టర్ లాంటివాళ్ళు మైకుని చేతుల్లో మూసేస్తారని చెప్పాను. నాన్న ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళుగా పాడేవాళ్ళకీ ఉపన్యాసాలిచ్చేవాళ్ళకీ ఆయన చెప్పే మొదటి మాట "మైకు తల పట్టుకోవద్దండీ" అని. ఆయన చెప్పింది నిజమే. స్టేజి మైకులు చాలావరకు ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేలా చేస్తారు. అందుకోసం తల వెనక గాలి దారులుంటాయి. చేత్తో అవి మూస్తే మైకుకి దిక్కు తెలీదు, అన్ని వైపుల నుంచీ విని కూత పెడుతుంది. "కానీ నాన్నా, సగం మూస్తేనే అలా. పూర్తిగా మూస్తే బయట శబ్దమే లోపలికి రాదు కదా" అన్నాను. నిజానికి ఆ క్షణంలో తట్టింది. ఆయన కాసేపు ఆలోచించి "ముయ్యి చూద్దాం" అన్నాడు.

మౌతార్గాన్‌ని ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుని, మైకుని దాని వెనక్కి ఆనించి, కుడి అరచేత్తో మిగతా సందులన్నీ మూశాను. మొదట్లో చిటికెన వేళ్ళ దగ్గర గాలి కారుతూనే ఉంది. నాన్న వచ్చి నా మణికట్టు కొంచెం తిప్పి సరిచేశాడు. ఊదాను. అబ్బ! శబ్దం ఒక్కసారిగా లావెక్కింది. పై మొన విరిగి, కింద బరువు వచ్చింది. మూసిన చేతుల్లో చిన్న గాలి గది ఏర్పడి, మైకు పొర మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది, పై పౌనఃపున్యాలు తగ్గుతాయి. కుడి చెయ్యి తెరిచి మూస్తుంటే "వావ్ వావ్" మని మాట్లాడినట్టు వచ్చింది.

నేను కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాను. ఆపి చూస్తే వాల్యూము నాబు ఆరు నుంచి మూడుకి వచ్చి ఉంది. ఎప్పుడు తగ్గించాడో నాకు తెలీలేదు, శబ్దం తగ్గినట్టే లేదు. నాన్న అన్నాడు, "ఇప్పుడు నువ్వు ఎక్కువ ఇస్తున్నావు, మిషను తక్కువ ఇస్తే సరిపోతోంది. మొదట ఇవ్వాల్సింది ఇవ్వకపోతే, తర్వాత ఎంత తిప్పినా కూతే."

కమ్యూనికేషన్స్ క్లాసులో ఫ్రిస్ ఫార్ములా చెప్పినప్పుడు ఈ మాటే గుర్తొచ్చింది. వరసగా ఉన్న స్టేజీల్లో నాయిస్ లెక్క దాదాపు మొదటి స్టేజీయే తేల్చేస్తుంది. తర్వాతవి ఎంత మంచివైనా, మొదట్లో చేరిన చెత్తని కూడా పెంచి చూపిస్తాయి.

సాయంత్రం ఇంకోటి చూపించాడు. అదే మైకుని మైక్ ఇన్‌పుట్‌లోంచి తీసి ఆక్స్‌లో పెట్టాడు. శబ్దం దాదాపు లేదు. "దీనికి దాని గొంతు చాలదు" అన్నాడు. మా క్లబ్బు ఆంప్‌లో గిటార్ ఇన్‌పుట్‌కి నేరుగా పెట్టిన మైకు పరిస్థితీ ఇంచుమించు ఇదే. పాటల మైకు ఇంపీడెన్స్ తక్కువ, కొన్ని వందల ఓములు. అది ఇచ్చే వోల్టేజీ మిల్లీవోల్టుల్లోనే. గిటార్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ దాకా ఉంటుంది, పికప్ ఇచ్చేంత వోల్టేజీ ఆశిస్తుంది. మధ్యలో మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే తేడా తెలుస్తుంది. 200 ఓముల నుంచి 50 కిలో ఓములకి మార్చేది తీసుకోండి. ఇంపీడెన్స్ నిష్పత్తి 250, చుట్ల నిష్పత్తి దాని వర్గమూలం, దాదాపు 16. అంటే 24 డీబీ వోల్టేజీ ఉచితం, బ్యాటరీ అక్కర్లేదు. నాన్న దగ్గర పాత సామాన్ల డబ్బాలో ఒకటి దొరికింది.

పాత బుల్లెట్ మైకుల సమస్య దీనికి పూర్తిగా ఉల్టా. వాటిలో చాలావాటికి లోపల ఉండేది రోషెల్ ఉప్పు స్ఫటికం. అది విద్యుత్తు దృష్టిలో కెపాసిటర్ లాంటిది. లెక్క కోసం 1 నానోఫారడ్ అనుకుందాం. 10 కిలో ఓముల ఇన్‌పుట్‌కి పెడితే కటాఫ్ 15.9 కిలోహెర్ట్జ్. దానికంటే కింద ఉన్నదంతా తగ్గుతూ పోతుంది, అంటే సంగీతమంతా పోయినట్టే. 1 మెగా ఓమ్‌కి పెడితే కటాఫ్ 159 హెర్ట్జ్. సీ శ్రుతి మౌతార్గాన్‌లో అన్నిటికన్నా కింది స్వరం 262 హెర్ట్జ్ కాబట్టి హాయిగా దాటేస్తుంది. అందుకే స్ఫటికం మైకు ఉన్నవాళ్ళు మొదటి పెడల్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ 1 మెగా ఓమ్, కుదిరితే ఇంకా ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. లేదంటే ముందు చిన్న బఫర్ కట్టుకోవాలి. ఇంకో మాట, రోషెల్ ఉప్పు 55 డిగ్రీలు దాటితే పాడైపోతుంది, తేమ కూడా పడదు. ఎండాకాలం కారులో వదిలేస్తే ఇక అంతే. మన వాతావరణానికి డైనమిక్ మైకే మేలు.

ఆర్సీ సర్క్యూట్ కటాఫ్ నేను పరీక్షలో రెండుసార్లు తప్పు రాశాను. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని కాగితం మీద వేసుకుంటే ఐదు నిమిషాల్లో వచ్చేసింది.

తర్వాత పది రోజుల్లో పెడల్‌లోని ఎఫెక్టులు ఒక్కొక్కటే తిరిగి కలిపాం. నాన్న పద్ధతి ఒకటే, ఒకసారికి ఒక్క నాబే తిప్పాలి, తిప్పి వినాలి. మాకు కుదిరిన వరస చెప్తాను, మీకు పనికొస్తుంది.

మొదట మైకుకే చిన్న వాల్యూము నాబు. 10 రంధ్రాల వాద్యం వాయిస్తూ పెడల్ దగ్గరికి వంగలేం, కూత మొదలయ్యే ముందే వేలితో తగ్గించుకోవాలి. తర్వాత ఓవర్‌డ్రైవ్, గెయిన్ మాత్రం నాలుగో వంతు కన్నా తక్కువ. డిస్టార్షన్ అసలు వద్దు. మెల్లగా ఊదితే శుభ్రంగా, గట్టిగా ఊదితే కొంచెం బొంగురుగా రావాలి. అంటే గరుకుదనం ఎప్పుడు రావాలో పెడల్ కాదు, మన ఊపిరి చెప్పాలి. ఆంప్‌ని మాత్రం క్లీన్ చానెల్‌లోనే ఉంచాలి, మాస్టర్ పూర్తిగా ఎక్కించకూడదు. ట్రాన్సిస్టర్ పవర్ స్టేజి తెగ్గొట్టే శబ్దం ఎవరికీ ఇష్టం ఉండదు. అలని గుండ్రం చేసే పని చిన్న పెడల్‌కి వదిలి, ఆంప్‌కి గట్టిగా చెప్పే పని ఒక్కటే ఇవ్వాలి.

తర్వాత ఈక్వలైజర్. ఇందులో పెంచడం కంటే తగ్గించడం ముఖ్యం. చెవిని పొడిచేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, కూత కూడా తరచు అక్కడే మొదలవుతుంది. అక్కడ తగ్గించి, 5 కిలోహెర్ట్జ్ పైన ఇంకా తగ్గించాలి. గిటార్ ఆంప్ స్పీకరు పైవాటిని ఎలాగూ తనే తగ్గిస్తుంది. పెళ్ళి బాక్సులకి ట్వీటర్లు, హారన్లు ఉంటాయి, అవి ఏదీ దాచవు. ఓవర్‌డ్రైవ్ నేరుగా వాటిలోకి పంపితే మిడతల గుంపు వచ్చినట్టుంటుంది. మల్టీ ఎఫెక్ట్స్‌లో స్పీకర్ క్యాబినెట్ సిమ్యులేషన్ ఉంటే అప్పుడు తప్పక వాడాలి. ఫెస్టులో నేను దాన్ని ఆఫ్ చేసి పెట్టుకున్నాను, ఎందుకో అడక్కండి.

చివర డిలే. 120 మిల్లీసెకన్లు, ఒక్కటే ప్రతిధ్వని, అసలు శబ్దం కన్నా బాగా చిన్నగా. అరుగు మీద వాయించింది ఖాళీ కల్యాణ మండపంలో వాయించినట్టవుతుంది. డిలే ఎప్పుడూ ఓవర్‌డ్రైవ్ తర్వాతే. ముందు పెడితే ప్రతిధ్వనులు కూడా గరుకెక్కి అన్నీ కలిసి ముద్దైపోతాయి. ప్రతిధ్వనులు ఎక్కువైతే కూతకి ఇంకో దారి తెరిచినట్టే. నాయిస్ గేటు కూడా ప్రయత్నించాం. కూత ఆగింది గానీ మెల్లగా ముగిసే స్వరాల తోకలు కోసేసింది. తీసేశాం. ఆక్టేవ్ పెడల్ సరదాగా ఉంటుంది, ఒక్క స్వరం వాయించినంతసేపే. రెండు స్వరాలు కలిపితే దానికి ఏది పట్టుకోవాలో తెలీదు.

ఇన్ని చెప్పినా, నాదంలో చాలావరకు చేతుల్లోంచి, గొంతులోంచే వస్తుందని నాకిప్పుడు గట్టి నమ్మకం. పెదాలతో కాకుండా పొట్టలోంచి ఊపిరి తీసి, గొంతు వదులుగా ఉంచి, సందు లేకుండా మైకు మూస్తే, చవక ట్రాన్సిస్టర్ ఆంప్ కూడా గౌరవంగా మాట్లాడుతుంది. అవి లేకపోతే ఏ వాల్వూ కాపాడదు.

నెలాఖరులో రామచంద్రపురం వైపు ఒక పెళ్ళికి నాన్నతో వెళ్ళాను. జనం రాకముందు షామియానా కింద ఖాళీ కుర్చీల మధ్య సౌండు చెక్ చేస్తూ "ఏదీ, నీది ఒకసారి ఊదు" అన్నాడు. మూడు నిమిషాలు వాయించాను. వంటవాళ్ళు గాడిపొయ్యి దగ్గర నుంచి తొంగి చూశారు. ఆగిన చోట కూత రాలేదు. పందిట్లో నిశ్శబ్దం అంత బాగుంటుందని అప్పుడే తెలిసింది. నాన్న మిషను దగ్గర నుంచి చెయ్యి ఊపాడు, అంతే. తర్వాత వచ్చిన పెళ్ళికొడుకు మావయ్య "ఎవరండీ కుర్రాడు" అని అడిగితే "మావాడే, ఇంజనీరింగు. మైకు పని కూడా వచ్చు" అన్నాడు. ఆ రెండో మాటకి నాకు కలిగిన సంతోషం బ్యాక్‌లాగ్ పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఆ సెలవులంతా ఆయనతోనే పనిచేశాను. పెడల్‌ని కోఠిలో నాలుగు వేలకి అమ్మేసి, మిగతాది కూలీగా చెల్లేసుకుని, రెండు హారన్ యూనిట్లు కొనిచ్చాను. మరుసటి ఏడాది రాములవారి పందిట్లో మళ్ళీ మా మైకే మోగింది. ఇప్పుడు నా దగ్గరున్నది నాన్న ఇచ్చిన పాత మైకు, ఆ ట్రాన్స్‌ఫార్మరు, చిన్న ఓవర్‌డ్రైవ్, చిన్న డిలే, అంతే. నాన్న ఏం చేస్తారని అడిగితే మైక్ సెట్టు షాపు అంటున్నాను.

మీలో ఎవరి దగ్గరైనా అటక మీద మౌతార్గాన్ ఉంటే తీసుకురండి. ఆదివారం మధ్యాహ్నాలు క్లబ్బు గదిలోనే ఉంటాను, ఆ పాత 20 వాట్ల ఆంప్ ఇంకా బతికే ఉంది. పెడల్ కొనకుండా రండి. మెస్ బిల్లు మాత్రం కట్టేసి రండి.